టెలివిజనులో బడిపిల్లల నాటకములు: చెప్పవలసినది, చూపరానిది



పదుమూడు మొదలు పందొమ్మిది వరకు గల యేండ్లలో నున్న బాలబాలికలను పాత్రలుగా గైకొని, వారి చదువును, వారి స్నేహములను, వారి యింటి కష్టములను కథావస్తువుగా చేసికొని, ఆ వయస్సువారే చూచుటకై రచింపబడిన నాటకములు పాశ్చాత్యదేశముల టెలివిజనులో ఏబదియేండ్లకు పైగా ప్రదర్శింపబడుచున్నవి. ఇవి చాలవరకు ఒక్క పూటతో ముగియునవి కావు. మన వీథిభాగవతులు ఒక యూర పది రాత్రులు నిలిచి యాడినట్లు, వారమున కొక్క భాగము చొప్పున సంవత్సరములతరబడి సాగునవి. మత్తుమందులు, చిన్నతనపు గర్భము, తోటివారిని హింసించుట, ఆత్మహత్య మొదలుగాగల కఠినవిషయములను ఆ నాటకకర్తలు పిల్లలయెదుట ఎట్లు పెట్టిరి, అందు వలన మంచి యెక్కడ కలిగెను, చెఱుపు ఎక్కడ కలిగెను అను చరిత్రమును నేడు మీకు మనవిచేసికొందును.

పరదేశపు పిల్లల నాటకముతో మనకేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. పూర్వము లండనులోనో టొరాంటోలోనో ఆడిన నాటకమును అక్కడి పిల్లలే చూచెడివారు. 2016వ సంవత్సరములో నెట్‌ఫ్లిక్సు కంపెనీ మన దేశములో ప్రవేశించినది మొదలు, అట్టి నాటకములు మన యరుగుమీద కూర్చున్న మనుమని యరచేతిలోని ఫోనులో ఆడుచున్నవి. "ఏమి చూచుచున్నావురా?" యని తాత యడుగును. "ఏమియు లేదు తాతా" యని మనుమడు చెప్పును. ఆ "ఏమియు లేదు" అను మాటవెనుక ఏమేమి యున్నదో తెలిసికొనుట పెద్దలకు ధర్మము.

ఈ విషయమున పెద్దలలో రెండు మతములు గలవు. ఇట్టి సంగతులు పిల్లల చెవిని పడనేకూడదని కొందఱందురు. కాలము మాఱినది, వారినేమియు అనరాదు, చూడనిండని మఱికొందఱందురు. మొదటివారు నోటికి తాళము వేయుదురు. రెండవవారు ఇంటికి తాళము తీసివేయుదురు. రెండు పక్షములవారును నాటకమును చూడకయే తీర్పు చెప్పుచున్నారు. నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుండి, పిల్లలచేత పద్యములు వల్లెవేయించినవాడను. చదువుకొన్నది అలంకారశాస్త్రము. ఆ శాస్త్రపు కొలబద్దతోడనే యీ క్రొత్తనాటకములను కొలిచి చూతము.

ఉపదేశము మూడు తెఱంగులని మమ్మటాచార్యుడును, మన యోరుగంటి విద్యానాథుడును చెప్పిరి. రాజు శాసించినట్లు చెప్పునది వేదము. మిత్రుడు హితము చెప్పినట్లు చెప్పునది పురాణము. ప్రియురాలు మనస్సును కరగించి త్రిప్పినట్లు చెప్పునది కావ్యము. పిల్లవానికి తండ్రి చెప్పునది మొదటి తెఱంగు, పంతులు చెప్పునది రెండవ తెఱంగు, నాటకము చెప్పునది మూడవ తెఱంగు అని మనము అన్వయించుకొనవచ్చును. మొదటి రెండును చెవిదాక పోవును. మూడవది లోపలికి పోవును. లోపలికి పోవునది మందైనను పోవును, విషమైనను పోవును. కనుకనే భరతముని నాట్యశాస్త్రములో యుద్ధము, మరణము, నగరమును ముట్టడించుట మొదలైనవి అంకములో ప్రత్యక్షముగా చూపరాదనియు, ప్రవేశకాదులచేత సూచింపవలయుననియు నియమము చేసెను. గమనింపుడు: మరణమును గూర్చి చెప్పరాదని ఆయన యనలేదు; కన్నులయెదుట ఆడి చూపరాదనెను. ఈ భేదము చేతబట్టుకొని ముందునకు నడువుదము.

అమెరికాలో ఏ.బి.సి. అను ప్రసారసంస్థవారు 1972వ సంవత్సరమున "ఆఫ్టర్‌స్కూల్ స్పెషల్" అను పేర పిల్లల నాటకములను ప్రారంభించిరి. బడి విడిచిన పిమ్మట ఇంటికి వచ్చిన పిల్లలు చూచుటకు ఇవి యేర్పడినవి. ఒక్కొక్క నాటకమున కొక్కొక్క సమస్య: త్రాగుబోతు తండ్రియో, విడిపోయిన తలిదండ్రులో, మఱియొకటియో. 1997 వరకు ఇవి సాగినవి. వీనిని చూచి మేలు పొందినవారు లేకపోలేదు. కాని వీనికొక సహజమైన కొఱత కలదు. పిల్లవానికి కష్టము వచ్చినది, గంటసేపటిలో తీఱినది, నీతి చెప్పబడినది, తెర పడినది. మఱునాడు ఆ పిల్లవా డేమైనాడో చూచువానికి తెలియదు. వాడు వేఱొక కథలోనికి రాడు. కష్టమనగా గంటలో తీఱునదని పిల్లవాడు తలచునెడల, తన యింటి కష్టము ఏడాదియైనను తీఱకున్నప్పుడు వానికి ఏ కథ తోడ్పడును?

ఈ కొఱతను తీర్చినది ఇంగ్లాండుదేశము. 1978 ఫిబ్రవరి 8వ తేదీని బీబీసీవారు "గ్రాంజ్ హిల్" అను నాటకమును ప్రారంభించిరి. ఫిల్ రెడ్‌మండ్ అను రచయిత దీనిని కల్పించెను. బీబీసీ బాలల శాఖలోని ఆనా హోం అను నామె దీనిని గైకొని ప్రోత్సహించెను. ఉత్తర లండనులో నున్నట్లు కల్పింపబడిన యొక మామూలు ప్రభుత్వపాఠశాల దీనికి రంగస్థలము. మొదట తొమ్మిది భాగములుగా ఏర్పడిన యీ నాటకము ముప్పదియేండ్లు సాగి, 2008 సెప్టెంబరులో ముగిసినది.

అంతకుముందు ఆ దేశపు కథలలో బడి యనగా ధనవంతుల పిల్లలు వసతిగృహములలో నుండి చదువుకొను బడి. "గ్రాంజ్ హిల్"లోని పిల్లలు కూలివాండ్ర పిల్లలు, చిల్లరయంగడివాండ్ర పిల్లలు. వారు అల్లరి చేయుదురు, పంతులకు ఎదురు చెప్పుదురు, ఒకరినొకరు ఏడిపింతురు. దీనిని చూచి తలిదండ్రులు అనేకులు కోపించిరి. ఇది పిల్లలకు అల్లరి నేర్పుచున్నదని బీబీసీకి ఫిర్యాదులు వ్రాసిరి. వారి కోపము నిష్కారణము కాదు. కాని పిల్లలు వదలక చూచిరి. తాము నిత్యము పోవు బడిని మొట్టమొదటిసారి తెరమీద కనుగొనిరి గావున చూచిరి.

ఆ నాటకము యొక్క బలము 1986వ సంవత్సరమున తేటపడినది. జామో మెగ్వైర్ అను బాలపాత్ర 1982 మొదలు అందుండెను. నవ్వుముఖము, చురుకుదనము గలవాడు. చూచు పిల్లలందఱికిని చెలికాడువంటివాడు. అట్టివాడు హెరాయిను అను మాదకద్రవ్యమునకు బానిసయైనట్లు కథ నడిపిరి. క్రమక్రమముగా వాడు అబద్ధమాడును, నమ్మిన స్నేహితులను మోసగించును, దొంగతనమునకు దిగును. నాలుగేండ్ల పరిచయము గల బాలుడు కన్నులయెదుట కరగిపోవుట చూచిన పిల్లలకు వేఱుగ నీతి చెప్పవలసిన పని లేకపోయెను. ముక్కు మొగము తెలియని వాడొకడు చెడిపోయెననిన, "వాడు చెడ్డవాడు" అని మనము త్రోసివేయుదుము. మన చెలికాడు చెడిపోయినప్పుడు "ఇది నాకును రావచ్చును" అని భయపడుదుము. నాటకమునకు గల శక్తి యిదియే.

ఆ సంవత్సరమే ఆ బాలనటులు "వద్దని చెప్పుము" అను నర్థము వచ్చు పాట నొకటి పాడిరి. అది ఆ దేశపు పాటల యమ్మకపు పట్టికలో అయిదవ స్థానమున కెక్కెను. అమెరికా అధ్యక్షుని భార్య నాన్సీ రీగను మత్తుమందులకు విరోధముగ నడుపుచున్న ఉద్యమమునకు ఇది తోడయ్యెను; ఆ పిల్లలు వైట్ హౌసుకు కూడ పోయి వచ్చిరి. నా మట్టుకు, పాటకంటె కథయే గొప్పదని తోచుచున్నది. వద్దని చెప్పుమనుట ప్రభువు మాట. ఏల వద్దో చూపుట కావ్యము మాట.

ఇక కెనడాదేశమునకు పోవుదము. టొరాంటో నగరములో లిండా షైలర్ అను నామె ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు పాఠములు చెప్పు ఉపాధ్యాయిని. ఆమెయు, కిట్ హుడ్ అను నాతడును కలిసి 1976వ సంవత్సరమున ఒక చిన్న చిత్రనిర్మాణసంస్థను స్థాపించిరి. 1979లో ఒక పిల్లల కథను ఆధారముగా గొని చిన్న చిత్రమును తీసిరి. దానినుండి "డెగ్రాసీ వీథి పిల్లలు" అను వరుస పుట్టెను. డెగ్రాసీ యనునది ఆ నగరములో నిజముగా నున్న వీథియే. పిల్లలు పెద్దవారైనకొలది కథయు పెద్దదయ్యెను. 1987లో "డెగ్రాసీ జూనియర్ హై", 1989లో "డెగ్రాసీ హై" అను నాటకములు వెలువడినవి.

ఉపాధ్యాయిని చేయి పడుటవలన ఇందు రెండు విశేషములు కుదిరినవి. ఇరువదియైదేండ్లవారికి బడిదుస్తులు తొడిగి పిల్లలని చూపుట ఆ వ్యాపారములో పరిపాటి. వీరట్లు చేయక, నిజముగా ఆ వయస్సులో నున్న పిల్లలనే, నటన వృత్తిగా లేని వారినే, ఎక్కువగా తీసికొని శిక్షణమిచ్చిరి. మొగముమీద మొటిమలున్నవారు, పొట్టివారు, మాట తడబడువారు అందఱును అందు గలరు. రెండవది, కథ యొక్క దృష్టి ఎల్లప్పుడును పిల్లలదే. పంతులుగారు అకస్మాత్తుగా వచ్చి చిక్కు విడదీయుట అరుదు. పిల్లలే తప్పటడుగులు వేసి, పిల్లలే దాని ఫలము అనుభవించి, పిల్లలే ఒకరికొకరు ఆసరాయగుదురు.

1987లో స్పైక్ అను మారుపేరు గల ఎనిమిదవ తరగతి బాలిక గర్భవతియైన కథను వీరు చూపిరి. ఆ భాగమునకు ఆ సంవత్సరమే బాలుర కార్యక్రమములకు ఇచ్చు అంతర్జాతీయ ఎమ్మీ బహుమానము లభించెను. బహుమానముకంటె గొప్ప సంగతి వేఱొకటి కలదు. ఆ బాలిక కథ ఆ భాగముతో ముగియలేదు. ఆమె బిడ్డను కనెను. ఎమ్మా యని పేరు పెట్టెను. చదువును, బిడ్డను రెండు చేతుల మోయలేక మోసెను. అంతట పదునాలుగేండ్లు గడచినవి. 2001 అక్టోబరులో "డెగ్రాసీ: తరువాతి తరము" అను క్రొత్త వరుస ప్రారంభమైనప్పుడు, దాని కథానాయికలలో నొకతె యెవరు? ఆ ఎమ్మాయే. స్పైక్ పాత్రను చిన్నతనమున ధరించిన నటియే ఇప్పుడు తల్లిగా వచ్చెను. మొదటి కథలోనే ఎమ్మా కంప్యూటరులో పరిచయమైన యొక "స్నేహితుని" నమ్మి కలిసికొనబోవును. వాడు తన యీడువాడు కాక, దుర్బుద్ధి గల పెద్దవాడని తేలును. తల్లి కాలములో ఆపద తరగతిగదిలో నుండెను. కూతురి కాలములో తీగలవెంట ఇంటిలోనికి వచ్చెను. ఒక్క నిమిషపు పొరపాటునకు పదునాలుగేండ్ల నీడ యుండునని ఇంతకంటె చక్కగా ఏ నీతిపద్యము చెప్పగలదు?

పెద్దల మౌనమును గూర్చియు ఈ నాటకచరిత్రము కొంత చెప్పుచున్నది. డెగ్రాసీలోని కొన్ని భాగములను బాలుర వేళలో ప్రసరింపజేయుటకు బీబీసీవారు ఒప్పుకొనలేదు. 1989లో ఒక బాలిక గర్భస్రావము చేయించుకొనిన కథ వచ్చినప్పుడు, అమెరికాలోని ప్రజాప్రసారసంస్థవారు దాని చివరి దృశ్యమును కత్తిరించిరి. దానికి నొచ్చుకొని కిట్ హుడ్ ఆ ప్రతినుండి తన పేరు తీసివేయించెను. 2004లో తరువాతి వరుసలో అట్టి కథయే మరల వచ్చినప్పుడు, కెనడాలో ప్రసారమైనను, అమెరికాలోని ప్రసారసంస్థ దానిని నిలిపివేసెను. చూచు పిల్లలు అభ్యంతరము తెలిపిరి. రెండేండ్ల తరువాత, 2006లో, అది అక్కడ ప్రసారమయ్యెను. ఆ కథలోని తీర్మానము మంచిదా చెడ్డదా యని నేను వాదింపబోను; దేశాచారమునుబట్టి, ధర్మబుద్ధినిబట్టి మతభేదముండును. నేను చెప్పునది వేఱు. నిలిపివేసిన రెండేండ్లలో ఆ దేశపు బాలికలకు ఆ కష్టము రాకుండ ఆగినదా? కథ యాగినది, కష్టమాగలేదు. కష్టము వచ్చినపుడు తలచుకొనుటకు, పక్కవారితో మాటలాడుటకు ఒక కథ మాత్రము లేకపోయినది.

నాటకము ఆపుట యొక్కటే చాలదన్న సంగతి పంతుళ్లందఱికిని తెలియును. బడిలో హాజరుపట్టీ యున్నది. పిల్ల రాకపోయిన "రాలేదు" అని గుర్తు పెట్టుటకు గడి యున్నది. ఏల రాలేదో వ్రాయుటకు గడి లేదు. ఏల రాలేదని అడుగువా డొక్కడును లేనిచో, ఆ పిల్ల పేరు కొన్నాళ్లకు పట్టీనుండియే పోవును.

అట్లని అన్నియు చూపవచ్చునా? ఇచ్చటనే భరతుని నియమము మనకు దారి చూపును. రెండు నాటకములను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. 1991లో "డెగ్రాసీ హై"లో క్లాడ్ అను బాలుడు బడిలోనే ప్రాణము తీసికొనిన కథ యొకటి వచ్చెను. నాటకకర్తలు ఆ కార్యమును చూపలేదు. తోటిబాలు డొకడు కనుగొనుటయు, వాని ముఖములోని భయమును మనకు తెలుపును. కథలోని బరువంతయు తరువాతి భాగమున నున్నది. ఒకనికి కోపము, ఒకతెకు "నేను వానితో ఇంకొక్క మాట మాటలాడియుండినచో" అను బాధ, కనుగొనినవానికి నిద్రపట్టకుండుట. చచ్చినవాడు వీరుడు కాలేదు. వాని చావువలన ఎవరికిని బుద్ధి రాలేదు, ఏ పగయు తీఱలేదు. మిగిలినవారికి శోకము మాత్రము మిగిలినది. ఉన్నది ఉన్నట్లు చెప్పుట యనగా ఇదియే.

రెండవది నెట్‌ఫ్లిక్సు కంపెనీ 2017 మార్చి 31న విడుదల చేసిన "పదుమూడు కారణములు" అను నర్థము గల నాటకము. 2007లో జే ఆషర్ వ్రాసిన నవలకు ఇది రూపాంతరము. ఇందొక బాలిక మరణించుటకు ముందు, తన కపకారము చేసినవారి నొక్కొక్కరినిగా పేర్కొని తన మాటలను టేపులలో నింపి పోవును. ఆమె పోయిన తరువాత ఆ మాటలు ఊరినంతటిని కదలించును. బడిలో బాలికలు పడు అవమానములను, పెద్దల యలక్ష్యమును అందు బలముగా చూపిరి. ఆ మాట కాదనరాదు. కాని రెండు దోషములు చేసిరి. ఒకటి, మరణమును సుమారు మూడు నిమిషములసేపు కన్నులయెదుట చూపిరి. రెండు, చచ్చినవారి మాటకే లోకము చెవియొగ్గునను భ్రమ కలిగించిరి. బ్రదికియుండగా వినని లోకము చచ్చిన పిమ్మట వినునని బాధలో నున్న పిల్లకు తోచిన, అంతకంటె అపాయమేమున్నది?

వైద్యులు, ఉపాధ్యాయులు అనేకదేశములలో దీనిని నిరసించిరి. న్యూజిలాండు ప్రభుత్వమువారి వర్గీకరణశాఖ 2017లోనే దీనికొఱకు ఒక క్రొత్త గుర్తు నేర్పఱచెను: పదునెనిమిదేండ్లు నిండనివారు తలిదండ్రులో సంరక్షకులో దగ్గఱ నుండగా మాత్రమే దీనిని చూడవలయునని ఆ గుర్తునకు అర్థము. 2019లో వెలువడిన యొక పరిశోధనలో, ఆ నాటకము విడుదలయైన మఱుసటి నెలలో అమెరికాలో పది మొదలు పదునేడేండ్ల వయస్సువారి ఆత్మహత్యలు లెక్కప్రకారము ఉండవలసినదానికంటె సుమారు 29 శాతము హెచ్చినట్లు తేలెను. దానికి ఆ నాటకమే కారణమని చెప్పజాలమని ఆ పరిశోధకులే వ్రాసిరి. ఆ లెక్కను ఒప్పుకొనని పండితులును గలరు. ఏది యెట్లయినను, 2019 జులైలో కంపెనీవారు వైద్యుల సలహాను చెప్పి ఆ మరణదృశ్యమును తొలగించిరి. రెండువేలయేండ్లకు ముందు భరతుడు చెప్పిన నియమమునకే వారును రెండేండ్ల తరువాత తలయొగ్గిరని నేననుకొందును.

ఇంకొక భేదమును గమనింపుడు. పూర్వపు నాటకము వారమున కొకమాఱు వచ్చెడిది. ఒక భాగమునకు మఱియొక భాగమునకు నడుమ ఏడు దినముల వ్యవధి యుండెడిది. ఆ ఏడు దినములలో పిల్లలు బడిలో దానిని గూర్చి వాదించుకొనెడివారు. తల్లి వంటచేయుచు ఒక మాట యడిగెడిది. ఈ క్రొత్తనాటకపు పదుమూడు భాగములును ఒక్కదినముననే విడుదలయైనవి. పిల్లవాడు తలుపు వేసికొని ఒక్క రాత్రిలో పదుమూడును మ్రింగవచ్చును. మందునకైనను మోతాదు కలదు గదా. మోతాదు తప్పిన కథ జీర్ణము కాదు.

మన తెలుగునాటకమునుండి ఒక ఉదాహరణమును చెప్పుదును. కాళ్లకూరి నారాయణరావుగారి "వరవిక్రయము" మీరెఱుగనిది కాదు. 1939లో చలనచిత్రముగా కూడ వచ్చినది. వరశుల్కమునకై తండ్రి ఆస్తి యమ్ముట చూడలేక కాళింది ప్రాణము విడుచును. ఆ నాటకము అక్కడ ఆగినయెడల, చచ్చుటయే దారియని ఆడుపిల్లలకు తోచియుండెడిది. ఆగలేదు. చెల్లెలు కమల బ్రదికియుండి, ధనము పుచ్చుకొనిన లోభి మామకు బుద్ధి చెప్పును. దుఃఖమునకు తరువాతి కథ యొకటి కలదని చూపుటయే పెద్దకవి పని. క్షేమేంద్రుడు దీనినే ఔచిత్యమనును.

కడపటి ఉదాహరణము ఇటీవలిది. 2025 మార్చి 13న "అడోలెసెన్స్", అనగా "కౌమారము", అను నాలుగు భాగముల బ్రిటిషు నాటకము విడుదలయ్యెను. జాక్ థోర్న్, స్టీఫెన్ గ్రాహం అను వారు దీని రచయితలు. ఒక్కొక్క భాగము కెమెరా ఆగకుండ ఒక్క బిగిని తీయబడినది. ఉత్తర ఇంగ్లాండులోని యొక పట్టణమున తెల్లవాఱుజామున పోలీసులు ఒక యింటి తలుపు పగులగొట్టి, పదుమూడేండ్ల బాలుని పట్టుకొనిపోవుదురు. తోటివిద్యార్థినిని చంపినాడని నేరము. ఎవరు చంపిరను ప్రశ్న మొదటి భాగముతోనే తీఱిపోవును. ఏల చంపెనను ప్రశ్న కడవఱకు తీఱదు.

అందొక సంగతి మనము మఱువరానిది. విచారణకు వచ్చిన పోలీసు అధికారికి పిల్లలు ఫోనులలో వ్రాసికొనిన గుర్తుల యర్థము తెలియదు. ఆ బడిలోనే చదువుచున్న ఆతని సొంతకొడుకు పిలిచి, "నాయనా, నీవనుకొనుచున్నది దీని యర్థము కాదు" అన్నట్లు విప్పి చెప్పును. స్నేహమని తండ్రి తలచినది పరిహాసమట. నవ్వని తలచినది అవమానమట. ఒకే యింట తండ్రికొకభాష, కొడుకునకొకభాష. చివరి భాగములో నేరము చేసిన బాలుని తలిదండ్రులు ఒకరినొకరు అడుగుకొందురు: వాడు తన గదిలోనే యుండెను గదా, ఇంటనే యున్నాడు గదా, క్షేమముగా నున్నాడనుకొంటిమి గదా యని. వారు చెడ్డవారు కారు. వానిని కొట్టి హింసించినవారు కారు. తలుపు అవతల నేమి జరుగుచున్నదో ఎఱుగరు, అంతే. ఈ నాటకమును ఆ దేశపు ఉన్నతపాఠశాలలలో ఉచితముగా చూపుటకు ఏర్పాటు జరిగెను. ఇన్నాళ్లును పిల్లల నాటకములు పిల్లలతో మాటలాడినవి. ఇది పిల్లవాని కథయే యైనను, మాటలాడునది మనతో.

ఈ చరిత్రమునుండి నాకు తోచిన కొలతలను మీ యెదుట పెట్టుచున్నాను. ఏ నాటకమైనను మంచిదో కాదో తెలిసికొనుటకు నాలుగు ప్రశ్నలు చాలును. కష్టమునకు మూలమును చూపినదా, లేక కష్టమును వింతగా చూపినదా? చేయరాని పనిని సూచించి విడిచినదా, లేక ఎట్లు చేయవలయునో నేర్పినదా? తరువాతి దినమేమైనదో చెప్పినదా, లేక చావుతోనో పెండ్లితోనో తెర దించినదా? బాధపడు పిల్ల ఎవరితో చెప్పుకొనవచ్చునో చూపినదా? ఈ నాలుగింటికిని మంచి యుత్తరము వచ్చిన నాటకమును, విషయమెంత కఠినమైనను, పెరిగిన పిల్లలు చూడవచ్చును. రాని నాటకమును, అది యెంత పేరు మోసినను, ఒంటరిగా చూడనీయరాదు.

ఇట్టివి చూచి పిల్లలు చెడుదురు గదా యని ఒక ఆక్షేపణ. చెడుట కలదు, లేదనను. వ్యాపారమునకై వెఱపును అమ్ముకొనువారున్నారు. కాని కథ వినకముందే పిల్లలకు కష్టములు తెలియవని తలచుట మన భ్రమ. పల్లెలో త్రాగుబోతు తండ్రిని చూచుటకు టెలివిజను వలయునా? పదునాఱేండ్లకే పెండ్లి నిశ్చయమైన పిల్లకు తన సంగతి తెలియుటకు నాటకము వలయునా? వారికి కష్టము తెలియును. దానికి మాట తెలియదు. మంచి నాటకము మాట నిచ్చును. ఆ మాట వినుటకు చెవి నీయవలసినది మనము.

న్యూజిలాండువారు చట్టముచేసి చెప్పినది మన యిండ్లలో చట్టము లేకయే జరుగవచ్చును. సాయంకాలము అరుగుమీద మనుమని ప్రక్కన కూర్చుండుడు. ఆ ఫోనులోని కథయేమో వానినే చెప్పుమనుడు. ఆ పాత్ర అట్లేల చేసెనని అడుగుడు. తీర్పు మాత్రము తొందరపడి చెప్పకుడు. కొడుకునుగాని కూతురునుగాని గూర్చి అడుగుటకు సంకోచపడుదుము. కథలోని పిల్లను గూర్చి అడుగుటకు సంకోచమేల? కథను గూర్చి చెప్పుచు చెప్పుచు పిల్లవాడు తన సంగతియే చెప్పును. వాని నోటినుండి బ్రదుకుమీద విరక్తి మాట వచ్చినచో, పిచ్చిమాటలని కసరకుడు. టెలి-మానస్ అను ప్రభుత్వపు ఉచిత సేవకు 14416 అను సంఖ్యతోను, ఆపదలో నున్న బాలురకొఱకు 1098 అను సంఖ్యతోను పగలనక రాత్రియనక ఫోను చేయవచ్చును. ఈ రెండు సంఖ్యలను ఇంటి గోడమీద వ్రాసియుంచుడు.

పూర్వము మన తాతలు రాత్రివేళ మనలను చుట్టును కూర్చుండబెట్టుకొని నలుని కష్టములు, చంద్రమతి కష్టములు చెప్పెడివారు. జూదమును దాచలేదు, బిడ్డ చచ్చుటను దాచలేదు. చెప్పుచు మన తల నిమిరెడివారు. కథలో కష్టముండెను, తలమీద చేయి యుండెను. నేడు కథ ఫోనులోనుండి వచ్చుచున్నది. చేయి మనదే కావలెను.